ఫిజియో అంటే క్రికెట్ మైదానమేనా?

నా దగ్గరికొచ్చే బైపీసీ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అంటే నీట్‌లో సీటు రానివాళ్ల సర్దుబాటు. ముందు మూడో ఏడాది కూడా లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టి పిల్లను నలిపేస్తారు. ఆ తర్వాత ఫిజియోకి ఒప్పుకున్నా స్పోర్ట్స్ ఫిజియోనే కావాలి! ఐపీఎల్ జట్లన్నీ కలిపి ఎంతమందిని తీసుకుంటాయి? దగ్గితే, తుమ్మితే మూత్రం పడిపోతుందని బస్సు ప్రయాణాలు మానుకున్న ఆడవాళ్లు మాత్రం మీ వీధిలోనే ఉన్నారు. కాన్పులయ్యాక ఇదంతా మామూలేనని పెద్దవాళ్లంటే నోరు మూసుకున్నారు, అంతే.

ఇలాంటి ఆడవాళ్లకు సాయపడే ఫిజియో దారి చెబితే ఒక తల్లి, "రేపు సంబంధాలవాళ్లకు ఏమని చెప్పాలండీ?" అంది. కాన్పు చేసే డాక్టరమ్మకు దండాలు పెడతాం, ఆ కాన్పుతో వదులైన కండరాలకు బలం తెప్పించే అమ్మాయి పని చెప్పుకోలేమట!

ఈ కండరాలకు చేయించే పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలను ప్రచారంలోకి తెచ్చింది అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్, 1948లో. కండరం బిగిస్తే ముల్లు కదిలే పరికరం కూడా ఆయనే చేశాడు. ఇప్పటి బయోఫీడ్‌బ్యాక్‌లో ముల్లు బదులు తెర మీద గీత లేస్తుంది. "బిగించండి" అనగానే చాలామంది ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతారు, లేదా పిరుదులు బిగిస్తారు. అది కనిపెట్టి, సిగ్గు పోగొట్టి, కనీసం 3 నెలలు రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపులు చేయించడమే అసలు పనితనం.

ఇక్కడే జాగ్రత్త. వారాంతపు బయోఫీడ్‌బ్యాక్ సర్టిఫికెట్ అమ్మి, వెంటనే మెషీన్ కూడా అంటగట్టేవాళ్లుంటారు. బ్రిటన్‌లో 600 మంది మహిళలతో చేసిన ఓపల్ అనే పరిశోధన 2020లో వెలువడింది. వ్యాయామానికి బయోఫీడ్‌బ్యాక్ జోడించినా, రెండేళ్లకు చూస్తే ఉత్త వ్యాయామం కంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. కండరం ఎక్కడుందో అసలు తెలియని పేషెంటుకు తెర సాయపడొచ్చు. దానికోసం అప్పు చేసి క్లినిక్ తెరవొద్దు. మెషీన్ ఎవరైనా కొంటారు, పేషెంటు నోరు విప్పేలా మాట్లాడటం అందరికీ రాదు.

అర్హత ఇంటర్ బైపీసీ. ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. బీపీటీ తర్వాత రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ)లో మహిళల ఆరోగ్యం, ప్రసూతి విభాగం తీసుకోవాలని నా సలహా. కాలేజీకి వెళ్లినప్పుడు రెండే అడగండి: గైనిక్ వార్డులో పోస్టింగ్ ఎన్ని వారాలు, అక్కడ విద్యార్థులు స్వయంగా ఎంతమంది పేషెంట్లను చూస్తారు? జవాబు చెప్పకుండా ఏసీ ల్యాబ్ చూపిస్తే, ఇంకో కాలేజీ వెతుక్కోండి.