ముందు పాఠం, తర్వాతే పిన్‌లు

ప్రశ్న: ఖరగ్‌పూర్‌లో ఐదో తరగతికి లెక్కలు, తెలుగు చెబుతున్నాను. పింటరెస్ట్‌లో వందల బొమ్మలు దాచుకున్నా, పాఠం రాయడానికి కూర్చుంటే ఏదీ అక్కరకు రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: బొమ్మ నచ్చాక దానికి తగిన పాఠం వెతుకుతున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది. ముందుగా నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: ‘పీరియడ్ అయ్యేసరికి పిల్లలకు దశాంశాల తీసివేత రావాలి.’ ఆ తర్వాతే పింటరెస్ట్ తెరవండి. పనికొచ్చే పిన్‌లు రెండు మూడు దొరికితే ఆపేయండి. బోర్డులో పాఠానికో సెక్షన్ పెట్టుకోండి.

పిన్‌లోంచి ఆలోచన మాత్రమే తీసుకోండి, సరుకు మీ ఊరిదే వాడండి. మీ స్టేషన్ ప్లాట్‌ఫామ్ పొడవు 1,072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2023లో ప్రారంభమైన హుబ్బళ్లి ప్లాట్‌ఫామ్ 1,507 మీటర్లు. తేడా ఎంత? నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే పిల్లాడైతే ఈ లెక్క తేలేదాకా వదలడు. 434.5 అని తేలాక, అది మీ బడి ఆవరణకు ఎన్ని రెట్లో టేపుతో కొలిపించండి. ఇంత మంచి పాఠం ఏ పిన్‌లోనూ దొరకదు.

తెలుగు అక్షరాల చార్టుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఒత్తులు విడిపోయినవి, ణ-న, ళ-ల తారుమారైనవి తిరుగుతుంటాయి. వీధిలో బెంగాలీ, హిందీ బోర్డులే ఎక్కువగా చూసే పిల్లలకు తరగతి గోడ మీది తెలుగే ప్రమాణం. పాఠ్యపుస్తకంతో సరిచూడకుండా ఏ చార్టునూ ప్రింట్ తీయకండి.