లెక్క తీసేస్తే ఆగిపోయే కథ

మా బుజ్జి బడికి వెళ్ళదు. టెక్సస్‌లో వాళ్ళింట్లోనే, వంటగది బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటుంది. ఎనిమిదేళ్ళది. ఈ మాట మా వీధిలో అంటే చాలు, "అయ్యో మాస్టారూ, మీ మనవరాలి చేత బడి మాన్పించారా?" అని జాలి పడిపోతారు. మాన్పించలేదు, అసలు చేర్పించనే లేదు. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టసమ్మతం. టెక్సస్‌లో మరీ తేలిక. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ ఉంటే చాలు. ఏటా పరీక్ష లేదు, తలుపు తట్టే ఇన్‌స్పెక్టరూ లేడు.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆరు నెలలు ఉండొద్దామని వెళ్తే, విమానం దిగిన రెండో రోజే "బుజ్జి లెక్కలు నువ్వు చూసుకో నాన్నా" అంది మా అమ్మాయి. ఎంత పొంగిపోయానో! వెంటనే తెల్ల కాగితం తీసి ఇరవై లెక్కలు వేశాను. పదమూడు ఒప్పు, ఏడు తప్పు. అలవాటు ఎక్కడికి పోతుంది? జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఏడింటికీ గుండ్రంగా సున్నాలు చుట్టాను. పదమూడు ఒప్పుల మీద ఒక్క గీత గీయలేదు.

మర్నాడు బుజ్జికి కడుపునొప్పి. ఆ తర్వాతి రోజూ కడుపునొప్పే. లెక్కల టైముకే వచ్చి టిఫిను టైముకి తగ్గిపోయే నొప్పి ఏ డాక్టరుకి దొరుకుతుంది? మా అమ్మాయి ఏమీ అనలేదు. పెన్నుల స్టాండులోంచి ఎర్ర పెన్ను మాత్రం మాయమైంది.

అప్పుడు మొదలైంది కథలతో లెక్కలు చెప్పే పుస్తకాల వేట. మొదట ఒక యాప్ కొన్నాం. పేరు ఎందుకులెండి. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి. ఒక కుందేలు అడవిలో పరుగెడుతుంది, దారిలో లెక్క వస్తుంది, జవాబు నొక్కితే బంగారు నాణెం రాలుతుంది. బుజ్జి రోజూ గంటసేపు కదలకుండా ఆడుతోంది. నాకూ ముచ్చటేసింది. ఓ రోజు వెనకనుంచి చూద్దును కదా, నాలుగు జవాబుల్నీ వరసగా నొక్కుకుంటూ పోతోంది. తప్పయితే తెర కాస్త వణుకుతుంది, అంతే. ఒప్పు తగిలేదాకా నొక్కితే నాణెం రానే వస్తుంది. "ఇందులో లెక్క చెయ్యక్కర్లేదు తాతయ్యా" అని రహస్యంగా చెప్పింది కూడా. పిల్ల తెలివైనదే. మోసపోయింది మేమే.

ఆ కుందేలుకి ఆ లెక్కతో ఏమిటి సంబంధం? ఏడూ ఐదూ పన్నెండు కాకపోయినా అది అలాగే పరుగెడుతుంది. లెక్కను చేదుమాత్ర అనుకుని దాని చుట్టూ బెల్లం పూశారు. పిల్లలు బెల్లం నాకి మాత్ర ఉమ్మేస్తారు, మనమూ చిన్నప్పుడు అదే చేశాం. అప్పటినుంచీ నా పరీక్ష ఒక్కటే. కథలోంచి లెక్క తీసేసి చూడండి. కథ ఆగిపోతే మంచి పుస్తకం. హాయిగా సాగిపోతే అది కుందేలు యాప్ అన్నమాట.

మన ఇళ్ళల్లో అమ్మమ్మలు చెప్పిన పులి, మేక, గడ్డిమోపు కథ ఈ పరీక్షలో నిలుస్తుంది. పడవలో ఒకసారికి ఒకదాన్నే తీసుకెళ్ళాలన్న షరతు తీసేస్తే ఇంక కథేముంది? మూడింటినీ ఎక్కించుకుని ఏరు దాటేస్తాడు. చదరంగం గడుల్లో గింజలు రెట్టింపు చేసుకుంటూ పొమ్మన్న కథా అంతే. రెట్టింపు లేకపోతే రాజుగారు ఓ బస్తా ధాన్యం ఇచ్చి పంపేసేవాడు.

ఈ గింజల మొత్తాన్ని తెలుగులో పద్యంగా కట్టినవాడు పావులూరి మల్లన. తొమ్మిది వందల ఏళ్ళకు పైనే అయింది. జైన గణితవేత్త మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో రాసిన గణిత సార సంగ్రహాన్ని మన పద్యాల్లోకి తెచ్చాడాయన. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. దీన్ని అంకెల్లో చెప్తే ఎవడికి గుర్తుంటుంది? అందుకని చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఏనుగులంటే ఎనిమిది అనుకుని, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి లెక్కపెడుతూ పద్యంలో ఇమిడ్చాడు. లెక్కని కథగా, పాటగా చెప్పడం అమెరికావాడు కనిపెట్టిన కిటుకేమీ కాదని నేనంటే మా అమ్మాయి నవ్వింది. "సరే నాన్నా, మరి నువ్వెందుకు అలా చెప్పలేదు మాకు?" అంది. జవాబు లేదు నా దగ్గర.

చివరికి రెండు పుస్తకాల దగ్గర ఆగాం. ఒకటి 'లైఫ్ ఆఫ్ ఫ్రెడ్'. స్టాన్లీ ష్మిట్ అనే లెక్కల మాస్టారు రాశాడు. నాలాంటివాడే, నాకంటే చాలా నయం. ఫ్రెడ్ వయసు ఐదేళ్ళు దాటింది, కానీ కాన్సస్‌లోని ఓ యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరు. కింగీ అని ఓ బొమ్మ ఉంటుంది వాడికి. చిన్నపిల్లల కోసం 'ఆపిల్స్'తో మొదలై 'జెల్లీ బీన్స్'తో ముగిసే పది పుస్తకాలు, ఇంగ్లీషు అక్షరాల వరసలో. మొదటి పుస్తకమంతా ఏడు చుట్టూ తిరుగుతుంది. ఏయే సంఖ్యలు కలిస్తే ఏడవుతాయి, వారానికి ఎన్ని రోజులు, నాలుగుకి ఎంత కలిపితే ఏడు. ఆ మధ్యలోనే చడీచప్పుడు లేకుండా ఎక్స్ ప్లస్ నాలుగు ఈజ్ ఈక్వల్ టు ఏడు అని ఆల్జీబ్రా తలుపు కాస్త తెరిచి మూసేస్తాడు. మనం ఆరో తరగతిలో భయపెట్టి చెప్పేదాన్ని వాడు ఐదేళ్ళ పిల్లకి మాటవరసకి చెప్పేశాడు.

రెండోది 'బీస్ట్ అకాడమీ'. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ అనే సంస్థ 2012లో మొదలుపెట్టిన వరస. ఇది బొమ్మల కథ. అలెక్స్, గ్రాగ్, లిజ్జీ, విన్నీ అని నలుగురు రాక్షసపిల్లలు, వాళ్ళ బడి, వాళ్ళ వాదులాటలు. కథ ఒక పుస్తకం, అభ్యాసం వేరే పుస్తకం. ఒక్కో తరగతికి నాలుగు భాగాలు. కష్టమైన లెక్కలకి పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. నాకు ఇందులో నచ్చింది ఒకటే. ఆ రాక్షసపిల్లలు తప్పులు చేస్తారు. ఒకడు తప్పు చెప్తాడు, ఇంకొకత్తె "కాదేమో" అంటుంది, ఇద్దరూ కలిసి మళ్ళీ చూస్తారు. ఎర్ర సున్నా చుట్టేవాడు ఎవడూ ఉండడు. బుజ్జి ఆ పేజీలు రెండేసి సార్లు చదివేది, వాళ్ళు తప్పు చేసిన పేజీలు మరీను.

రెండింట్లోనూ లోట్లు ఉన్నాయి. ఫ్రెడ్ పుస్తకాల్లో అభ్యాసం తక్కువ. ఒక అధ్యాయం చివర నాలుగైదు ప్రశ్నలుంటాయి, వెంటనే జవాబులు. పదిసార్లు చేస్తేగాని చేయి తిరగని పిల్లలకి అది చాలదు, పక్కన వేరే లెక్కలు పెట్టుకోవాలి. రాక్షసుల పుస్తకమేమో కాస్త కఠినం. చిన్న తప్పుకే ఏడ్చే పిల్లకి వయసు ప్రకారం ఇవ్వకుండా ఓ మెట్టు కిందనుంచి మొదలెట్టడం మేలు. ఇక చదవడం నెమ్మదిగా వచ్చే పిల్లలకి కథ అదనపు బరువే. పక్కన కూర్చుని మనం చదివి వినిపించాలి.

మేం చదివింది తెలుగులో. అంటే ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నేను అప్పటికప్పుడు తెలుగు చేసేవాణ్ణి. దీనివల్ల ఓ లాభం కలిగింది. బుజ్జి ఫోర్టీన్ అంటే 41 రాసేది, నాలుగు ముందు వినిపిస్తుంది కాబట్టి. పద్నాలుగు అంటే పది ముందు వినిపిస్తుంది. పదమూడు, పదిహేను, పదహారు, అన్నిట్లోనూ పది కనబడుతూనే ఉంటుంది. ట్వెల్వ్‌లో పది ఎక్కడుందో వెతుక్కోవాలి. మన పన్నెండు కూడా కాస్త నక్కి ఉంటుందిలెండి, అయినా 'ప' అనైనా అంటుంది. ఆ వారంలో 41 పోయి 14 వచ్చింది. పరాయి దేశంలో ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళకి ఇది ఉచితంగా దొరికే సాధనం, ఎందుకు వదులుకుంటారో నాకర్థం కాదు.

ఇప్పుడు నెమలి సంగతి చెప్పాలి. భాస్కరాచార్యుడి లీలావతి 1150 నాటిది. అందులో ఓ లెక్క ఉంది. తొమ్మిది మూరల స్తంభం మీద నెమలి. స్తంభం మొదట్లో పాము పుట్ట. స్తంభానికి మూడింతల దూరంలో, అంటే 27 మూరల అవతల నుంచి పాము పుట్టకేసి వస్తోంది. నెమలి చూసింది, వాలుగా దూకింది. రెండూ సమాన దూరం వెళ్తే, పుట్టకి ఎన్ని మూరల దూరంలో పట్టుకుంటుంది?

ఇది పైథాగరస్ లెక్క, ఎనిమిదేళ్ళ పిల్లకి కాదు. కానీ బుజ్జికి కథ చెప్పేశాను, ఇంక ఊరుకుంటుందా? గళ్ళ కాగితం తెచ్చింది. తొమ్మిది గళ్ళు నిలువు, 27 గళ్ళు అడ్డం. నెమలి దారి కొలవడానికి మా అమ్మాయి కుట్టుపెట్టెలోంచి దారం. మొదట పుట్టనుంచి పదో గడిలో చుక్క పెట్టింది. దారం పదమూడున్నర గళ్ళు దాకా వచ్చింది, పాము నడిచింది పదిహేడు. "పాము ఎక్కువ పరుగెత్తింది తాతయ్యా, ఇది మోసం" అంది. చుక్కని పదమూడుకి జరిపింది. ఇప్పుడు నెమలికి పదహారు కావస్తోంది, పాముకి పద్నాలుగే. దారం విసిరి కొట్టింది. లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చింది.

నా నోటి చివర పన్నెండు ఆడుతోంది. చెప్పేస్తే అయిపోయేది, ఒక్క క్షణం. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి వంటగదిలోంచి నన్నే చూస్తోంది, పిల్లని కాదు. నలభై నిమిషాలు గడిచాయి. నేను అంతసేపు మాట్లాడకుండా కూర్చున్న లెక్కల క్లాసు నా సర్వీసులో ఒక్కటీ లేదు.

బుజ్జి పన్నెండులో చుక్క పెట్టింది. దారం పదిహేను గళ్ళు. పాము దారి కూడా పదిహేను. పిల్ల కేకేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కాగితం కేసి కాసేపు చూసి, "పాము ఇంకొంచెం గబగబా పాకితే పుట్టలోకి వెళ్ళిపోతుందా?" అని అడిగింది. దాన్ని బతికించాలని ఉంది ఆమెకి. ఆ ప్రశ్న ఏ అభ్యాసంలోనూ లేదు. మరో రెండు రోజులు ఆ పామును బతికించే పనిలోనే ఉన్నాం.

వ్యక్తిత్వ వికాసం అంటే మైకు పట్టుకుని సూటు వేసుకున్నాయన చెప్పేదనుకునేవాణ్ణి. దారం విసిరేసి, నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్న పిల్లని చూశాక నా లెక్క మారింది. పుస్తకం ఎంచుకోవడంలో మనం చూడాల్సిందీ అదే. పిల్ల జవాబు ఎంత తొందరగా చెప్పిందని కాదు, తెలియనప్పుడు ఎంతసేపు కూర్చోగలిగిందని. ఎర్ర పెన్ను ఆ ఓపిక చంపేస్తుంది, నాణేల యాప్ అసలు పుట్టనివ్వదు. పెద్దవాళ్ళ నోటి తొందర కూడా చంపుతుంది, ఇది నా అనుభవం. పిల్ల కంటే ఎక్కువ నేర్చుకోవాల్సింది నేనే అని ఆరు నెలలకి తేలింది.

ఇండియాలో ఇంటి చదువు ఆలోచిస్తున్నవాళ్ళు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంటుందే తప్ప ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పదు. పదో తరగతికి ఓపెన్ స్కూలు దారి ఉంది, జాతీయ ఓపెన్ స్కూల్లో 14 ఏళ్ళు నిండితే చేరవచ్చు. పుస్తకాలకి డాలర్లు పోయక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పాత 'మ్యాథ్ మ్యాజిక్' ఐదో తరగతి పుస్తకం చేపల కథతో మొదలవుతుంది. పడవల వేగాలు, ఎండుచేపల ఫ్యాక్టరీ పెట్టాలనుకునే ఆడవాళ్ళ లెక్కలు, అన్నీ కథలోంచే పుడతాయి. లెక్క తీసేస్తే ఫ్యాక్టరీ లేదు. కొత్త 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్', 'మ్యాథ్స్ మేళా' కూడా వాళ్ళ వెబ్‌సైటులో ఊరికే దొరుకుతాయి. అమెరికా పుస్తకాలే కావాలంటే బీస్ట్ అకాడమీ వాళ్ళు నమూనా పేజీలు, ఏ మెట్టు సరిపోతుందో చూసుకునే పరీక్షలు ఉచితంగానే పెట్టారు.

కొనే ముందు ఆ నమూనా పేజీలు రాత్రి అన్నాలయ్యాక పిల్ల పక్కన కూర్చుని మీరే పైకి చదవండి. పిల్ల సంగతి తర్వాత, మీకే ఆవులింత వచ్చిందా, డబ్బులు దాచుకోండి.