పర్యావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ.: తిరువూరు ప్రాంత పట్టభద్రులకు కావలసిన అర్హతలు

తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలంలో, ముఖ్యంగా గిరిజన తండాలలో, మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి కుటుంబాలను కుంగదీస్తున్నది. ఇటువంటి వ్యాధికి కారణం తేల్చడానికి వైద్యులతో పాటు, తాగే నీటిలో ఏ పదార్థం ఎంత మోతాదులో ఉన్నదో నమ్మకంగా కొలిచి చెప్పగలిగినవారు కూడా అవసరం. గాలి, నీరు, నేల, జీవరాశుల మధ్య సంబంధాలను, వాటిపై మానవ కార్యకలాపాల ప్రభావాన్ని కొలతల ఆధారంగా పరిశీలించేదే పర్యావరణ శాస్త్రం.

రెండేళ్ల ఎం.ఎస్సీ. కోర్సులో చేరడానికి సైన్సు విషయాలతో డిగ్రీ పూర్తి చేసి, ప్రవేశ ప్రకటనలో నిర్దేశించిన కనీస మార్కులు సాధించి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇందులో సడలింపు ఉంటుంది. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశాల ప్రేరణతో పర్యావరణ విద్య డిగ్రీలన్నింటిలో తప్పనిసరి పాఠ్యాంశమైంది కాబట్టి ఆ ఒక్క పేపరు చదివితే చాలునని కొందరు భావిస్తున్నారు. అది అర్హత కిందికి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ విధానం అమలులోకి వచ్చినందున, వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో మేజర్‌గా తీసుకున్నవారు రసాయన శాస్త్రాన్ని మైనర్‌గా ఎంచుకోవడం ఎంతో మేలు.

దీనికి కారణం ప్రయోగశాలలోనే కనిపిస్తుంది. బోరు నీటిలో ఫ్లోరైడు కొలవాలంటే ముందుగా బోరును కొంతసేపు నడిపి, గొట్టాలలో నిలిచిన నీరు పోయాక, అదే నీటితో తొలిచిన పాలిథీన్ సీసాలో నమూనా పట్టాలి. ఫ్లోరైడుకు గాజు సీసా పనికిరాదు. ఉష్ణోగ్రతను, నీటి ఆమ్ల-క్షార గుణాన్ని తెలిపే పీహెచ్‌ను అక్కడికక్కడే నమోదు చేయాలి. ఆపైన ఫ్లోరైడు అయాన్లను మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడ్‌తో కొలిచి, వచ్చిన విలువను తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ ఆ ప్రమాణం చెబుతుంది. 1.4 వచ్చిన ఊరికి ఏమని నివేదిక ఇవ్వాలన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం, గణాంక శాస్త్రం, చట్టం మూడూ తెలిసినవారే జవాబు చెప్పగలరు. ఈ చదువును తేలికైన దారిగా భావించి చేరేవారికి మొదటి సెమిస్టరే కష్టమవుతుంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతున్నది. రాసే పరీక్షాపత్రాన్ని బట్టే చేరదగిన కోర్సులు నిర్ణయమవుతాయి కాబట్టి, పర్యావరణ శాస్త్రానికి ఏ పత్రం వర్తిస్తుందో ఆ ఏటి ప్రకటనలో చూసుకున్న తరువాతే దరఖాస్తు చేయాలి. తిరువూరువారికి దగ్గరలో ఉన్నది గుంటూరు–విజయవాడ మధ్యనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉన్నది. సరిహద్దు దాటితే ఖమ్మం జిల్లాయే అయినా, రాష్ట్ర విభజన తరువాతి పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసినందున, తిరువూరులో చదివినవారు తెలంగాణ ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో స్థానికేతరులే అవుతారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ప్రవేశాలు కల్పించే సీయూఈటీ-పీజీలో ఈ చిక్కు ఉండదు. ఢిల్లీలోని జేఎన్‌యూ, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఈ మార్గంలో తప్పక పరిశీలించదగినవి.

ఉద్యోగం విషయంలో ఒక భేదాన్ని చేరకముందే గ్రహించాలి. కాలుష్య నియంత్రణ మండలిలో పర్యావరణ ఇంజినీరు పోస్టులకు ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతారు, ఎం.ఎస్సీ. చేసినవారికి సరిపడేవి ప్రయోగశాల విశ్లేషకుల పోస్టులు. వీటి ప్రకటనలలో అర్హత డిగ్రీ పేరుతో సహా రాసి ఉంటుంది కాబట్టి, పాత ఏపీపీఎస్సీ ప్రకటనలను ముందే చదివిన అభ్యర్థి మోసపోడు. ప్రైవేటు రంగంలో పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు, అంటే కొత్త పరిశ్రమ వల్ల పరిసరాలకు కలిగే మార్పులను 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ముందుగా లెక్కగట్టే సంస్థలు, వీరిని తీసుకుంటాయి. అధ్యాపక వృత్తికి యూజీసీ-నెట్‌లో పర్యావరణ శాస్త్రం ప్రత్యేక విషయంగా ఉన్నది. పరిశోధన వైపు మొగ్గేవారికి 2021లో మొదలైన గేట్ పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ పేపరు మరో ద్వారం. అయితే అందులో గణితం గట్టిగానే ఉంటుంది కనుక, దాని సన్నాహాన్ని రెండో ఏడాది దాకా వాయిదా వేయకూడదు.