గార్డు తుపాకీకి ఏ నూనె?

మన శాఖల్లో తలుపు దగ్గర నిలబడే గార్డుల్లో చాలామంది మాజీ సైనికులు. వారి చేతిలో ఎక్కువగా కనిపించేది 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ. దాన్ని రోజూ చూస్తాం కానీ, దానికి వేసే నూనె గురించి ఎవరమూ అడగం. ఏళ్ల తరబడి పేల్చే అవసరం రాని తుపాకీకి అసలు శత్రువులు తుప్పు, దుమ్ము, ముదిరిన నూనె. సొంత లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉండే గార్డులూ ఉన్నారు కనుక ఈ సంగతి కుటుంబాలకూ తెలిసి ఉండాలి.

ముందుగా తూటాలు తీయాలి

నూనె సీసా మూత తీయడానికి ముందే తుపాకీని మడిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను వేరే గదిలో పెట్టి తాళం వేయాలి. పిల్లలు దగ్గర లేనప్పుడే, గాలి ఆడే చోటే ఈ పని చేయాలి. శాఖలో అయితే ఖాతాదారులు ఉన్న వేళ అసలు చేయకూడదు.

మంచి కందెన ఏం చేయాలి?

మూడు పనులు చేయాలి: లోహాల మధ్య రాపిడి తగ్గించాలి, పైన పొరలా నిలిచి తుప్పు ఆపాలి, నెలలు గడిచినా జిగురుగా మారకూడదు. ఆయుధాల కోసమే తయారైన పలుచని ఖనిజ నూనె లేదా సింథటిక్ నూనె ఈ మూడూ చేస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి ఎక్కువ కనుక తుప్పు ఆపే గుణం మరీ ముఖ్యం.

ఇంట్లో ఉన్నవి పనికిరావా?

వంటనూనెలు వద్దు. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలి తగిలి క్రమంగా బంకలా మారతాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ ఈ జిగురులో వెనకే చిక్కుకుంటే అవసరానికి తుపాకీ పేలదు. ముందుకు వచ్చి ఇరుక్కుంటే, తూటాలు పెట్టి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది.

కిరోసిన్ మురికిని వదిలిస్తుంది కానీ కందెన కాదు. అది ఆరిపోయాక లోహానికి రక్షణ ఉండదు. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, దాని జోలికి పోవద్దు. బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌లో లోహపు రజను, చర్మానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. కుట్టుమిషన్ నూనె కీళ్లకు తాత్కాలికంగా పనికొస్తుంది కానీ తుప్పును ఎక్కువ కాలం ఆపలేదు.

ఎంత, ఎక్కడ?

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోవడం పొరపాటు. అదనపు నూనె దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. కదిలే భాగాలకు ఒక్కో చుక్క, మడిచే కీలుకు కాస్త గ్రీజు, పైభాగానికి నూనె అద్దిన గుడ్డతో ఒక తుడుపు చాలు. గొట్టం లోపల పలుచగా నూనె రాసి ఉంచినా, తూటా పెట్టే ముందు పొడిగుడ్డతో తుడిచేయాలి. తూటాలకు నూనె అస్సలు తగలకూడదు. లోపలికి ఇంకితే అవి పేలకపోవచ్చు.

కర్రతో చేసిన బట్‌కు మాత్రం అవిసె నూనె మంచిది. లోహానికి చెడ్డదైన ఆరిపోయే గుణమే కర్రకు రక్షణ. అయితే ఆ నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి.

తుపాకీ లోపలి భాగాలు విప్పడం ఇంట్లో చేసే పని కాదు, లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారుకే అప్పగించాలి. శాఖల్లో మిగతా తనిఖీలతో పాటు గార్డు గారి నూనె సీసానూ ఓసారి చూద్దాం. అది ముదిరిపోయి ఉంటే కొత్తది తెప్పిద్దాం. ఆ ఖర్చు చిన్నదే. మన గార్డు గారి ప్రాణమూ, లోపలున్న అందరి ప్రాణమూ దానితో ముడిపడి ఉన్నాయి.