పుండుకు పందిరి వేసే జెలటిన్

ఎముక విరిగినవారికి మేక కాళ్ల సూపు కాచి ఇవ్వడం మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. చలికాలంలో ఆ సూపు రాత్రంతా గిన్నెలో ఉంటే తెల్లవారేసరికి జున్నులా గట్టిపడుతుంది. అలా గట్టిపరచే పదార్థమే జెలటిన్. మనం మింగే క్యాప్సూళ్ల పైతొడుగు కూడా ఎక్కువగా దీనితోనే చేస్తారు.

మన చర్మంలో, ఎముకల్లో, నరాలని మనం పిలిచే స్నాయువుల్లో కొలాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. మూడు పురులు కలిపి పేనిన తాడులాంటిది దాని నిర్మాణం. ఈ సంగతి బయటపడింది ఎక్కడో దూరదేశంలో కాదు. మనకు మూడు నాలుగు గంటల ప్రయాణంలో ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గార్లు 1954లో దీనిని వివరించారు. వారు పరీక్షించిన వాటిలో కంగారూ తోక స్నాయువు కూడా ఉందంటే నవ్వు వస్తుంది గానీ, అది నిజమే. ఈ తాడును నీళ్లలో చాలాసేపు కాచితే పురులు విడిపోతాయి. అదే జెలటిన్.

వైద్యులకు దీనితో ఏం పని? కాకర తీగకు పందిరి ఎలాంటిదో, కొత్తగా పెరిగే కండకు జెలటిన్ అలాంటిది. తీగ నులితీగలతో పందిరిని పట్టుకున్నట్లు, మన కణాలు పట్టుకోవడానికి వీలైన చోట్లు జెలటిన్‌లో ఉన్నాయి. కండ నిండేకొద్దీ శరీరమే ఆ పందిరిని కరిగించుకుంటుంది, విప్పి తీయనక్కరలేదు.

ఒక చిక్కు ఉంది. జెలటిన్ సుమారు 35 డిగ్రీల లోపే కరుగుతుంది, మన ఒంటి వేడి 37. అందుకే ఎండాకాలంలో సూపు గడ్డకట్టదు. కనుక రసాయనాలతోనో, వెలుతురు సాయంతోనో దాని పోగులను ఒకదానికొకటి ముడివేస్తారు. ఇలా చర్మం, ఎముక, మృదులాస్థి పెంచే ప్రయత్నాలు ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. ఆపరేషన్లలో రక్తం ఆపే జెలటిన్ స్పాంజి మాత్రం 1945 నుండి వాడుకలో ఉంది. లోపల వదిలినా నాలుగు నుండి ఆరు వారాల్లో కరిగిపోతుంది.

షుగరు వల్ల కాలికి పుండు పడినవారు తప్పక తెలుసుకోవలసింది ఇది. నీరందని నేలలో పందిరి వేస్తే తీగ పాకదు. కాలికి రక్తం సరిగా అందకపోయినా, చీము ఉన్నా, షుగరు అదుపులో లేకున్నా, ఎంత ఖరీదైన పొర అతికించినా పుండు మానదు. కుళ్లిన కండ తీయించుకోవాలి, ఆ కాలిపై బరువు మోపకూడదు. బజారులో దొరికే జెలటిన్ పొడిని పుండుపై చల్లవద్దు, అది సూక్ష్మక్రిములకు మంచి మేత. సూపు తాగితే అది కడుపులో మామూలు మాంసకృత్తులాగే అరుగుతుంది. బలానికి మంచిదే, కానీ నేరుగా పుండులోకి చేరదు.

జెలటిన్‌ను ఆవు, పంది, చేపల చర్మం, ఎముకల నుండి తీస్తారు. మీ ఆచారం ప్రకారం అభ్యంతరం ఉన్నా, జెలటిన్ ఉన్న తినుబండారాలు గానీ టీకాలు గానీ పడక ఒంటిపై దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉన్నా, ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారికి చెప్పండి.