గబ్బిలానికి చెప్పిన కథ

కథ చెప్పడం, కథ వినడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణాలు. అయితే రామాయణ భారతాలను గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగినవాడు సైతం తన కథను తాను చెప్పుకోవలసి వచ్చినపుడు తడబడతాడు. సిగ్గు అడ్డం వస్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న సంకోచం అడ్డం వస్తుంది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటుంది. మనిషి నోరు విప్పకముందే లోకం అతని కథను చెప్పేసి ఉంటుంది. ఫలానా పేట పిల్లవాడు, ఫలానా ఇంటి పిల్ల, చదువు అబ్బనివాడు, చామనచాయ పిల్ల - ఈ ముక్కలే లోకం చెప్పే కథలు. వాటినే తమ కథలుగా నమ్మి బతుకు వెళ్ళదీసేవారు ఎందరో ఉన్నారు. ఆ కథను పక్కకు నెట్టి, తన కథను తన మాటలలో చెప్పుకున్న తెలుగు కవులలో అగ్రగణ్యుడు గుర్రం జాషువ.

జాషువ 1895 సెప్టెంబర్ 28న గుంటూరు సీమలోని వినుకొండలో జన్మించాడు. ఆ ఊరు నేడు పల్నాడు జిల్లాలో ఉంది. తల్లి లింగమ్మ, తండ్రి వీరయ్య. వారిరువురూ వేర్వేరు కులాలలో పుట్టి, క్రైస్తవాన్ని స్వీకరించినవారు. పేదరికం సరేసరి, కులం పేరిట అవమానాలు ఆ పిల్లవానికి బడిలోనే మొదలయ్యాయి. పెరిగి పెద్దవాడై, పద్యవిద్యలో ఆరితేరిన తరువాత కూడా అవి ఆగలేదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువ పద్యాలు చదివితే, ఇతనిని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు నిలదీశారు. పద్యం బాగున్నదా లేదా అన్న ప్రశ్న అక్కడ పుట్టనే లేదు. మరొకవైపు, పురాణ కథలు రాస్తున్నాడని స్వమతస్థులు ఆయనను వెలివేశారు. ఒకరికి కులం పనికిరాలేదు, మరొకరికి కవిత్వం పనికిరాలేదు.

ఇలా రెండు గుమ్మాలూ మూతపడినపుడు సామాన్యుడు చేసే పని ఒకటుంది. ఏదో ఒక గుమ్మం తెరిపించుకోవడం కోసం తనలో సగాన్ని చంపుకుంటాడు. జాషువ ఆ పని చేయలేదు. పేదరికమూ, కులమత భేదమూ తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకున్నాడు. మొదటిది ఓర్పు నేర్పిందట. రెండవది ఎదిరించే శక్తిని పెంచిందే కాని తనను బానిసగా మార్చలేకపోయిందట. బాధను దాచుకోవడం వేరు, బాధనే తన పేరుగా చేసుకోవడం వేరు. ఆయన ఈ రెండింటికీ దూరంగా నిలిచాడు.

యౌవనంలో జాషువ చేసిన ఉద్యోగాలలో ఒకటి విచిత్రమైనది. 1915-16 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలు ఆడేటపుడు, తెర పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ వినిపించే పని అది. తెర మీది బొమ్మలు పెదవులు కదుపుతాయి, మాట ఉండదు. ఆ మాట జాషువ ఇవ్వాలి. మాట లేనివారికి మాట ఇచ్చే ఆ విద్య తరువాతి కాలంలో ఆయన కావ్యాలలో మరింత గంభీరంగా కనిపిస్తుంది.

1941లో వెలువడిన ‘గబ్బిలం’ అందుకు నిదర్శనం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘం చేత తన ప్రియురాలికి సందేశం పంపుతాడు. జాషువ కావ్యంలో నాయకుడు ఆకలితో అలమటించే ఒక అస్పృశ్యుడు. అతడు సందేశం పంపేది కాశీలోని విశ్వనాథునికి. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగం అమలులోకి రావడానికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళ వ్యవధి ఉంది. గుడి ముందు ఆగిపోవలసిన మనిషికి, గుడి లోపల తలకిందులుగా వేలాడే గబ్బిలం దూత అయింది. అది ఇంట జొరబడితే అరిష్టమని లోకులు తరిమికొడతారు. పక్షులలోనూ జంతువులలోనూ దానికి చోటులేదని పిల్లల కథలు సైతం చెబుతాయి. అటువంటి ప్రాణికి గర్భాలయంలో అడ్డులేదు, మనిషికి ఉంది. ఈ ఒక్క ఎంపికలోనే కావ్యంలోని వ్యంగ్యమంతా ఇమిడి ఉంది.

అతడు పంపిన సందేశమేమిటి? తన జీవిత చరిత్ర. వరాలు కోరే స్తోత్రం కాదు, పాపక్షమాపణ అంతకంటె కాదు. ఇంకొక విశేషం తరచుగా పాఠకుల దృష్టిని తప్పించుకుంటుంది. పూజారి లేని వేళ చూసి శివునికి తన కథ విన్నవించమని అతడు గబ్బిలానికి చెబుతాడు. దీనిని భయంగా భావించడం పొరపాటు. తన కథ ఎవరు వినాలో, ఎప్పుడు వినాలో, ఎవరి చెవిన పడకూడదో నిర్ణయించే అధికారాన్ని అతడు తన చేతిలోనే ఉంచుకున్నాడు. గుడి తలుపు మీద అతనికి హక్కు ఇవ్వలేదు, సరే. కాని అతని కథకున్న తలుపు అతనిదే. అంగడి వీధిలో గుండె విప్పి పరచడం నిజాయితీ కాదు. తగిన శ్రోతను వెతుక్కోవడం కూడా కథ చెప్పడంలో భాగమే.

దారి చెబుతూ అతడు తెలుగువారి చారిత్రక స్థలాలను గబ్బిలానికి గర్వంగా చూపిస్తాడు. ఆకలితో ఉన్నవాడికి ఈ యాత్రా వర్ణన ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సందేశ కావ్య సంప్రదాయమని ఒక సమాధానం ఉంది. అది చాలదు. తనను ఊరవతల నిలిపిన ఆ నేలను తనది కాదని అతడు అనుకోలేదు. దాని కీర్తిలో తన వాటాను ఎవరినీ అడగకుండానే తీసుకున్నాడు.

తన కథను తాను చెప్పుకోవడం వల్ల మనసుకు కలిగే మేలును ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా పరిశీలించింది. అమెరికాకు చెందిన జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ 1986లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున రాయించారు. కొందరు సామాన్య విషయాలు, కొందరు తమను కలచివేసిన అనుభవాలు రాశారు. జరిగినదానితోపాటు తమకు కలిగిన భావాలను కూడా రాసినవారు, రాసిన వెంటనే మరింత దిగులు పడ్డారు. కాని తరువాతి నెలల్లో వారు వైద్యం కోసం వెళ్ళడం తగ్గింది. ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ వంటి మాటలు రోజురోజుకూ పెరిగినవారికి ఎక్కువ మేలు జరిగిందని తరువాతి పరిశీలనలు తెలిపాయి. అంటే ఏడుపు ఒక్కటే చాలదు, అది కథగా మారాలి. గాయం మరీ లోతైనదైతే కాగితం ఒక్కటే సరిపోదు. నమ్మదగిన పెద్దలో, వైద్యులో తోడుండాలి.

హద్దుల విషయంలో ఒక భేదాన్ని గుర్తించాలి. కులం గీసిన హద్దు ఎదుటివాడిని కించపరచడానికి గీసినది. ఆత్మగౌరవం కలవాడు గీసుకునే హద్దు తనను కాపాడుకోవడానికి గీసినది. జాషువ 1932లో రచించిన ‘ఫిరదౌసి’ కావ్యం ఈ రెండవదానికి ఉదాహరణ. ప్రసిద్ధమైన గాథ ప్రకారం, గజనీ మహమూదు షానామా రచనకు బంగారు నాణేలు ఇస్తానని మాట ఇచ్చి, చివరకు వెండి నాణేలు పంపాడు. ఫిరదౌసి పేదవాడు, అవి తీసుకుంటే ఆకలి తీరేది. అతడు తీసుకోలేదు. సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన బంగారం, కవి పాడె ఊరు దాటే వేళకు వచ్చింది. కూతురు కూడా దానిని ముట్టలేదు. ఈ గాథను జాషువ ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. ఒక కవి శ్రమకు తక్కువ వెల కట్టడం ఎంత బాధాకరమో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

జాషువ తనను తాను ‘విశ్వనరుడు’ అని పిలుచుకున్నాడు. లోకం తన గురించి ఏమి తీర్మానించినా తనకు లోటు లేదని ప్రకటించాడు. తనను తాను అంగీకరించడమంటే ఉన్న స్థితితో సరిపెట్టుకోవడమని కొందరు పొరబడతారు. ఆయన తన పుట్టుకను అంగీకరించాడు, ఆ పుట్టుకకు లోకం ఇచ్చిన స్థానాన్ని మాత్రం ఒక్కనాడూ అంగీకరించలేదు.

కాలక్రమంలో సభలే ఆయన వద్దకు వచ్చాయి. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా ఆయన పాదానికి గండపెండేరం తొడిగాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. ఇంత గౌరవం పొందిన తరువాత పాత అవమానాలను మరుగుపరచడం సులభమే. జాషువ అలా చేయక, ‘నా కథ’ పేరిట తన జీవితాన్ని పద్యాలలో రాసుకున్నాడు. ఏ పద్యం చదివినందుకు ఒకనాడు సభలో నిలదీశారో ఆ పద్యంలోనే రాశాడు. ఈసారి గబ్బిలం అవసరం లేకపోయింది.