గుండ్రని టోపీకి ఏ సూది కొనాలి?

అల్లిక నేర్చుకునే అక్కచెల్లెళ్లకు, వారికి సామాను కొనిచ్చే దాతలకు పనికివస్తుందని ఈ చిన్న పాఠం రాస్తున్నాము.

ఒక దాత ఇచ్చిన డబ్బుతో మా అల్లిక తరగతికి డజను సూదులు కొన్నాము. పుట్టిన బిడ్డలకు ఊలు టోపీలు అల్లి ఇవ్వాలని మా ఆలోచన. రెండు పొట్టి సూదుల మధ్య సన్నని తీగ ఉండే సర్క్యులర్ సూదులవి, 60 సెంటీమీటర్ల పొడవు. తరగతిలో కుట్లు ఎక్కించాక ఒక్క టోపీ కూడా మొదలు కాలేదు. చివరి కుట్టు మొదటి కుట్టును అందుకోలేకపోయింది. తప్పు అంగడివారిది కాదు, కొలత చూసుకోకుండా కొన్న మాది.

కారణం తేలికే. గుండ్రంగా అల్లేటప్పుడు కుట్లు సూది కొననుంచి కొనదాకా పరుచుకోవాలి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ సాగుతుంది కాబట్టి 32 లేక 33 సెంటీమీటర్లకు అల్లుతాము. అది 60 సెంటీమీటర్ల సూది మీద చుట్టూ రాదు. 40 సెంటీమీటర్ల సూది పెద్దవారి టోపీకి సరిపోతుంది, పసిబిడ్డ టోపీకి అదీ పెద్దదే.

మరి ఏం చేయాలి? రెండు దారులున్నాయి.

మొదటిది, రెండు కొనలూ మొనదేరిన ఐదు పొట్టి సూదుల జత. నాలుగింటి మీద కుట్లు పంచి ఐదో సూదితో అల్లాలి. కొత్తవారు వెదురు సూదులు తీసుకోవడం మంచిది. లోహపు సూదుల మీదినుంచి కుట్లు త్వరగా జారుతాయి.

రెండవది మ్యాజిక్ లూప్ పద్ధతి. మెత్తని తీగ ఉన్న 80 సెంటీమీటర్ల సూది తీసుకుని, కుట్లను రెండు సగాలు చేసి, మిగిలిన తీగను మధ్యలోంచి ఉచ్చులా బయటికి లాగి అల్లాలి. ఒకే సూదితో పసిబిడ్డ టోపీ, పెద్దవారి టోపీ రెండూ అవుతాయి. అందుకే తరగతికి మేము ఇదే ఎంచుకున్నాము.

ఇక టోపీ. 4 మిల్లీమీటర్ల సూది, మధ్యరకం మెత్తని ఊలు తీసుకోండి. ముందు చిన్న నమూనా గుండ్రంగా అల్లి కొలవండి: 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలి. 20 మాత్రమే వస్తే చేయి వదులని అర్థం. అదే 72 కుట్ల టోపీ 36 సెంటీమీటర్లై బిడ్డ కళ్ల మీదికి, ముక్కు మీదికి జారుతుంది. సన్న సూదికి మారండి. నమూనా మానేస్తే ఊలు మిగలదు, బిడ్డకు ఇబ్బంది మిగులుతుంది.

72 కుట్లు ఎక్కించి, మెలిక పడలేదని చూసుకుని చుట్టు కలపండి. మెలిక పడితే విప్పడం తప్ప మార్గం లేదు. చుట్టు మొదలయ్యేచోట వేరే రంగు దారం ముక్క గుర్తుగా పెట్టండి. రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 3 సెంటీమీటర్ల అంచు అల్లి, తర్వాత అన్నీ నిట్ కుట్లే వేస్తూ మొత్తం 10 సెంటీమీటర్లు రానివ్వండి. ఆపై 7 కుట్లు అల్లి, 2 కలిపి ఒకటిగా అల్లండి, చుట్టంతా ఇలాగే. తర్వాతి చుట్టు మామూలుగా. ఆపై 6 అల్లి 2 కలపడం, తర్వాత 5 అల్లి 2 కలపడం, ఇలా తగ్గిస్తూ పోతే చివరకు 8 కుట్లు మిగులుతాయి. వాటిలోంచి దారం దూర్చి బిగించి, కొనను లోపలివైపు కుట్టేయండి. పక్కకుట్టు ఉండదు, లేత తలకు ఒరుసుకోదు. నాడాలు, బొత్తాలు పెట్టకండి.

దాతలకు ఒక మనవి: సూదులకని ఇచ్చేటప్పుడు, 'ఎవరి తలకు, ఎంత పొడవు?' అని ఒక్క మాట అడగండి. మా పాత డజను సూదులు వృథా కాలేదు. అటూ ఇటూ తిప్పి అల్లుతూ వాటితో మఫ్లర్లు చేస్తున్నాము. కానీ ఆ చలికాలం టోపీ అందవలసిన బిడ్డలకు టోపీ అందలేదు.